ఎముక మెత్తబడేదాకా

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, పిల్లల చెవి పరీక్షలకు ముందు జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక దిద్దుబాటు. నన్ను పరిచయం చేసిన మాస్టారు "డాక్టరు గారు" అన్నారు. రెండుసార్లు అన్నారు. నేను డాక్టర్ని కాదు. మందు చీటీ రాయడం నాకు రాదు, రాయకూడదు కూడా. డాక్టరమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. చెవిలోకి చూసే దీపం ఆవిడ సంచిలో ఉంది. నేను లాబ్ మనిషిని. ఇంకా సూటిగా చెప్పాలంటే ఎముకలు కోసేవాణ్ణి. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గానీ, మా అమ్మ ఊళ్లో చెప్పే మాటే నిజం. "మావోడు అమెరికాలో సచ్చిపోయినోళ్ల చెవులు కోస్తాడు" అనేది. ఆ మాట పాకాక నాకు పెళ్లి సంబంధాలు రావడం తగ్గిపోయింది.

పంతొమ్మిదేళ్లు అదే పని చేశాను. ఒక విశ్వవిద్యాలయంలో, చెవి జబ్బుల మీద పరిశోధన చేసే లాబ్‌లో. చచ్చిపోయినవాళ్ల చెవులతో ఏం పని అని మీరు అడగాలి. అడగండి. మా అమ్మ కూడా అడిగింది.

కంటికి జబ్బు చేస్తే డాక్టరు కంటిపాప లోంచి వెనక పొర దాకా చూస్తారు. కాలేయానికి జబ్బు చేస్తే సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. చెవికో? దీపం వేసి చూస్తే కర్ణభేరి దాకా కనిపిస్తుంది. అక్కడితో సరి. కర్ణభేరి ఎంత మందం అనుకుంటున్నారు? మిల్లీమీటరులో పదో వంతు. అది తలుపు. ఇల్లంతా తలుపు అవతల ఉంది. తలుపు వెనక మూడు ఎముకలు. పిల్లలూ, మీ పుస్తకంలో ఉన్నాయి, ఏవి? కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి. బాగుంది. ఆ చివరిది ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక. మూడు మిల్లీమీటర్ల పొడవు, మూడు మిల్లీగ్రాముల బరువు. బియ్యపు గింజ పక్కన పెడితే గింజే పెద్దది. దానికి అవతల నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం, అసలు వినేది అదే. ఆ నత్త ఎక్కడ ఉంది? రాయి లాంటి ఎముకలో ఉంది. మన పుర్రెలో అంత గట్టి ఎముక ఇంకొకటి లేదు. వేల ఏళ్ల కిందటి మనుషుల డీఎన్‌ఏ వెతికేవాళ్లు కూడా ముందు ఈ ఎముకే ఉందా అని చూస్తారు, లోపల ఏం దాచినా చెడకుండా ఉంచుతుందని.

బతికున్న మనిషి నత్తలోంచి ముక్క తీయలేం. తీస్తే ఆ చెవి పోయినట్టే. స్కాను ఎముకని చూపిస్తుంది గానీ కణాన్ని చూపించదు. అందుకని, వింటూ బతికిన మనిషి పోయాక, ఆ మనిషి ఇచ్చి వెళ్లిన ఎముకని అడగాలి. వేరే దారి లేదు.

ఈ ఊళ్లో ఈ సంగతి చెప్పడం నాకు తేలిక. కథకుడు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో ఇక్కడ కథల గ్రంథాలయం తెరిచారు, కథానిలయం. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఎవరింట్లోనో చెదలు తినాల్సిన పాత పత్రికలు, అందులో ఒక్క కథ ఉంటే చాలు, సంచిక మొత్తం తెచ్చి దాచారు. ఎందుకు? ఎప్పుడో ఎవడో కుర్రాడు వచ్చి ఫలానా కథ ఉందా అని అడుగుతాడని. మా లాబ్ కూడా అలాంటిదే. బీరువాలు, సొరుగులు, నంబర్లు, గాజు పలకలు. ఒక్కో పలక మీద ఒక మనిషి చెవిలోంచి ఒక పొర. యాభై ఏళ్ల కిందట కోసిన పలకని నేటి కుర్రాడు తీసి, అప్పటివాళ్లకి తట్టని ప్రశ్న వేస్తాడు. పలక జవాబు చెబుతుంది. అలాంటి సేకరణలు ఎక్కడ ఏమున్నాయో తెలిసేట్టు అమెరికాలో 1992లో జాతీయ రిజిస్ట్రీ ఒకటి పెట్టారు, బోస్టన్‌లో.

ఇవ్వాలనుకున్నవాళ్లు బతికుండగానే సంతకం పెడతారు. వినికిడి పరీక్ష కాగితాలు, వాడిన మందులు, జరిగిన ఆపరేషన్లు అన్నీ ఒక ఫైల్లో చేరుతూ ఉంటాయి. పోయిన వెంటనే కబురు రావాలి. గంటల్లో పని. ఆలస్యమైతే నత్తలోని కణాలు వాటంతటవే చెడిపోతాయి. ముఖానికి ఏమీ కాదు, చూడ్డానికి వచ్చినవాళ్లకి తేడా తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ కూడా ఇంటివాళ్లు మొదట అడిగేది ఇదే.

ఇప్పుడు నా పని. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, నాకు చేతనైంది ఇదొక్కటే కాబట్టి.

ఎముక వస్తుంది. ఫార్మలిన్‌లో పెడతాం, కుళ్లకుండా. తర్వాత? రాయి లాంటి ఎముకని కత్తితో పల్చగా కోయగలమా? కోయలేం. లోపలి సున్నాన్ని లాగేయాలి. మన ఇళ్లల్లో చేపల పులుసు రాత్రి చేస్తే పొద్దుటికి రుచి. చిన్న ముళ్లు కూడా మెత్తబడతాయి, ఎందుకు? పులుపు. మేమూ ఎముకని ఒక రసాయనంలో నానబెడతాం, అది కాల్షియాన్ని మెల్లగా పట్టుకుని బయటికి లాగుతుంది. మెల్లగా అంటే ఒక రాత్రి కాదు. నెలలు. నీళ్లు మారుస్తూ ఉండాలి. అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ నీళ్లు కాసిన్ని తీసి ఇంకో రసాయనం కలిపితే, కాల్షియం మిగిలి ఉంటే తెల్లగా మసకబారతాయి. మసకబారితే మళ్లీ నానబెట్టు. ఇంకా మసకబారితే ఇంకా నానబెట్టు.

ఆ తర్వాత సారాయితో నీళ్లన్నీ తీసేయాలి. సారాయి అంటే నవ్వుతున్నారు, తాగేది కాదండీ. అప్పుడు సెల్లాయిడిన్ అనే జిగురులో ముంచాలి. మొదట పల్చటి పాకం, కొన్ని వారాలకి కొంచెం చిక్కటి పాకం, ఇంకొన్ని వారాలకి ఇంకా చిక్కటిది. ఒకేసారి చిక్కటిది పోస్తే నత్త చుట్ల లోపలికి దిగదు, బయటే గడ్డకడుతుంది. ఈ జిగురూ పాత రోజుల సినిమా రీలూ ఒకే జాతి. టక్కున అంటుకుంటుంది. అందుకే మా గదిలో అగ్గిపెట్టె మాట ఎత్తకూడదు.

గట్టిపడ్డాక కోత. ఒక్కో పొర 20 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో అనుకోండి. ఒక చెవికి అలాంటివి నాలుగైదు వందల పొరలు వస్తాయి. ఒక్కో పొరని తడి కాగితం మీద పరిచి, నంబరు రాసి, వరస తప్పకుండా పేర్చాలి. ప్రతి పదో పొరకి రంగు వేసి గాజు మీద పెడతాం, మిగతావి దాచేస్తాం, తర్వాత ఎవరికైనా కావలసివస్తే. మొదలుపెట్టింది మొదలు పలక చేతికొచ్చేసరికి దాదాపు ఏడాది. ఒక్కోసారి పైనే.

నేను చేరిన రెండో ఏడు ఒక ఎముక వచ్చింది, ఒక ముసలావిడది. పదకొండేళ్ల వినికిడి పరీక్షలు ఉన్నాయి ఫైల్లో, క్రమం తప్పకుండా. నీళ్లు కొద్దిగా మసకబారుతున్నాయి. కొద్దిగానే. ఇంక చాల్లే అనుకున్నాను. పండక్కి ఇక్కడికి రావాలి, టిక్కెట్టు కొనేశాను, వెళ్లేలోపు పాకంలో వేసేద్దామని తొందర. నెలల తర్వాత కత్తి పెట్టాను. సరిగ్గా కావలసిన చోట కత్తి గట్టి ముక్కకి తగిలింది. పొరలు చిరిగిపోయాయి, వరసగా ముప్పై. మళ్లీ చెయ్యడానికి ఇంకో చెవి లేదు. ఆవిడ పదకొండేళ్లు ఆసుపత్రికి తిరిగి కూడబెట్టిన కాగితాలకి జోడీ లేకుండా పోయింది. మా లాబ్ పెద్దాయన ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నీళ్లు ఒక్కసారి తేటగా కనిపించినా నేను ఇంకో వారం ఆగేవాణ్ణి.

సరే, ఇంత కష్టపడి ఏం తెలుసుకున్నారు? కళ్లు తిరిగి, చెవిలో హోరు పెట్టి, వినికిడి వచ్చిపోయే జబ్బు ఒకటుంది, మెనియర్ జబ్బు అంటారు. 1861లో ఫ్రాన్సు డాక్టరు మెనియర్ ఇది మెదడుది కాదు, చెవిది అన్నాడు. చూపించలేకపోయాడు. 1938లో లండన్‌లో ఇద్దరు, జపాన్‌లో ఒకాయన, ఎవరికి వారు, చనిపోయినవాళ్ల చెవి పొరలు చూసి లోపలి ద్రవం ఉబ్బిపోయి ఉందని కనిపెట్టారు. 77 ఏళ్లు పట్టింది. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. మన ఊళ్లకి కావలసింది వేరే కథ.

మన ఊళ్లకి కావలసింది చెవి కారడం. చీము చెవి. ఈ హాల్లో ఆ మాట తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు. సుశ్రుతుడు 28 చెవి జబ్బులు లెక్కపెడితే అందులో కర్ణస్రావం ఉంది. అంత పాతది. అందుకేనేమో మనకి భయం పోయింది.

మా అప్ప ఎదురుగానే కూర్చుంది. ఎడమ చెవి నావైపు తిప్పి కూర్చుంది, చూడండి. చెప్పమని తనే అంది, అందుకే చెబుతున్నాను. మూడేళ్లప్పటి నుంచీ తనకి రెండు చెవులూ కారేవి, కుడిది మరీ. మా నాయనమ్మ కోడి ఈకతో తుడిచేది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది. ఏడాదికి నాలుగైదు సార్లు. పదమూడో ఏట ఆగిపోయింది. "చూసేవా, తగ్గిపోనాది" అంది నాయనమ్మ. నిజంగానే చెవి పొడిగా ఉంది. కానీ బళ్లో ఉక్తలేఖనం చెబితే అప్ప తప్పులు రాసేది. సీత అంటే పీత, పీత అంటే గీత. చెయ్యి వాచేలా కొట్టేవారు. మొద్దు అనేవారు. ఎనిమిదితో చదువు ఆగిపోయింది.

నాకు ముప్ఫై నాలుగేళ్లు వచ్చాక, ఒక రోజు సూక్ష్మదర్శినిలో ఒక పలక చూస్తున్నాను. ఎవరో అమెరికా మనిషి. చిన్నప్పుడు చెవులు కారేవి, తర్వాత తగ్గాయి అని ఫైల్లో ఉంది. మధ్యచెవికీ నత్తకీ మధ్య రెండు కిటికీలు ఉంటాయి. ఒకదాన్ని ఆ చిన్న ఎముక మూసి ఉంటుంది. రెండోది గుండ్రటి కిటికీ, దానికి ఎముక తలుపు లేదు, పల్చటి పొర ఒక్కటే, 70 మైక్రాన్లు ఉంటుందేమో. మధ్యచెవిలో చీము ఉన్నన్నాళ్లూ ఆ చీము ఎక్కడ నిలుస్తుంది? ఆ కిటికీ గూట్లో నిలుస్తుంది. సూక్ష్మజీవులు వదిలే విషాలు ఆ పొరలోంచి అవతలికి ఊరతాయి. చెమ్మ గోడలోంచి ఊరినట్టు. కిటికీకి అవతల నత్తలో ఏ భాగం ఉంది? మొదటి చుట్టు, అడుగు భాగం. ఆ అడుగు భాగం ఏ శబ్దాలు వింటుంది? సన్నటివి, కీచువి. పిచ్చుకలు, సైకిలు గంట. స, శ, క.

అర్థమైందా? అచ్చులన్నీ లావు శబ్దాలు, అవి నత్తలో పైచుట్లకి వెళతాయి, బాగానే వినిపిస్తాయి. "ఈత" వినిపిస్తుంది. దానికి ముందున్న హల్లు జారిపోతుంది. సీత, పీత, గీత. మా అప్ప మొద్దు కాదు. ఆవిడకి సగం అక్షరం అందలేదు.

ఆ పలకలో మొదటి చుట్టులో వెంట్రుక కణాలు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. మనిషికి ఒక్కో చెవిలో సుమారు పదిహేను వేలు ఉంటాయి, పోతే మళ్లీ మొలవవు. కోడిపిల్లకి మొలుస్తాయి, మనకి మొలవవు. నాయనమ్మ ఈకతో తుడిచేది కదా, ఆ ఈక ఇచ్చిన కోడికి చెవి బాగుపడుతుంది, ఈక పెట్టించుకున్న మనకి పడదు! నా ఒక్కడి కంటికి కనిపించిందని కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం చెవి లాబ్‌వాళ్లు దీర్ఘకాలం చెవి కారినవాళ్ల ఎముకలు వరసపెట్టి చూసి, మొదటి చుట్టులో ఈ కణాలు తగ్గిపోయాయని 2004లో ప్రచురించారు. ఆ లాబ్‌కి పునాది వేసిన డాక్టర్ పాపరెల్లా ఇంకో మాట కూడా చెప్పారు: నిశ్శబ్దపు జబ్బు. కర్ణభేరికి చిల్లు ఉండదు, చీము కారదు, దీపం వేస్తే బాగానే ఉంటుంది. తలుపు వెనక మాత్రం జబ్బు నడుస్తూ ఉంటుంది.

రెండో ప్రమాదం త్వరగా చెబుతాను, చాలా ముఖ్యం. చీము కొంచెమే వస్తుంది, కానీ వాసన వస్తుంది. కుళ్లు వాసన. అది మామూలు చీము చెవి కాకపోవచ్చు. చర్మం వెళ్లకూడని చోటికి వెళ్లి, లోపల పొట్టు పొరలు పొరలుగా మూటకట్టి, చుట్టూ ఎముకని తినేస్తుంది. దానికి కొలెస్టియటోమా అని 1838లో పేరు పెట్టారు, తప్పు పేరు. అందులో కొలెస్టరాలు పాత్ర ఏమీ లేదు, కణితీ కాదు. వదిలేస్తే ముఖం వంకరపోవచ్చు, మెదడు దాకా పోవచ్చు. దానికి ఆపరేషన్ తప్ప చుక్కల మందు లేదు. వాసన వస్తే ఆగకండి.

మరి మందులు వాడితే తగ్గాలి కదా, మళ్లీ మళ్లీ ఎందుకు కారుతుంది? ఇది అందరూ అడుగుతారు. యాంటీబయాటిక్కులు గొప్పవి, అందులో అనుమానం లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన విభాగం నడిపిన లెడర్లీ కంపెనీ నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అలాంటి మందులు రాకముందు చెవి వెనక ఎముక వాచి, ఉలితో చెక్కి చీము తీసేవారు, పిల్లలు చచ్చిపోయేవారు. కానీ చెరువు మెట్ల మీద పాచి చూశారు కదా? బిందెడు నీళ్లు కుమ్మరిస్తే పోతుందా? పోదు. గీకాలి. సూక్ష్మజీవులు మధ్యచెవి పొర మీద అలాగే పాచి కడతాయి, జిగురు కప్పుకుని. మందు పైపైన పారిపోతుంది. 2006లో అమెరికాలో, లోపలి ద్రవం పోయేందుకు చెవుల్లో చిన్న గొట్టాలు వేయించుకున్న పిల్లల మధ్యచెవి పొర నుంచి తీసిన 50 ముక్కలు చూస్తే 46 ముక్కల్లో పాచి ఉంది. అంతకుముందు ఇలాంటి పిల్లల చెవి ద్రవంలో క్రిములు పెరగలేదని తరచూ రిపోర్టులు వచ్చేవి. పాచి లాబ్ పళ్లెంలో సులువుగా పెరగదు మరి.

ఈ పాచి సంగతి మొదట తేలింది చించిల్లాలో. దక్షిణ అమెరికా కొండల జంతువు, ఉడతకీ కుందేలుకీ మధ్యలా ఉంటుంది. దాని మధ్యచెవి గది పెద్దది, పైన ఎముక పల్చన, వినికిడి మనకి దగ్గరగా ఉంటుంది. ముందు వరసలో బాబు అడుగుతున్నాడు, వాటిని చంపేస్తారా అని. అవును నాన్నా, పరీక్ష అయ్యాక నొప్పి లేకుండా చంపుతారు. నాకు ఆ గదిలోకి వెళ్లడం ఇష్టం ఉండేది కాదు, ఎముకల గది చాలు అనుకునేవాణ్ణి. అయినా ఆ ఫలితాలు వాడుకున్నాను.

వెనక నుంచి ఏటమ్మా? గట్టిగా చెప్పండి. వెల్లుల్లి నూనె పోస్తే నొప్పి తగ్గుద్ది కదా అంటున్నారు. వెచ్చదనానికి కాసేపు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మీకు కనిపించదు. చిల్లుంటే ఆ నూనె తిన్నగా మధ్యచెవిలోకి పోతుంది, దాంతోపాటు ఈక మీది మురికి కూడా. పాలు, ఉల్లిరసం కూడా అంతే. కారే చెవి పొడిగా ఉండాలి. స్నానం చేయించేటప్పుడు వ్యాజిలిన్ రాసిన దూది పెట్టండి, అయ్యాక తీసేయండి. కారుతున్నన్నాళ్లు నాగావళిలో మునకలు వద్దు. పసివాళ్లకి ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, అందుకే జలుబు చేస్తే చెవి పోటు. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టకండి, తల ఎత్తి పట్టండి. ఇంట్లో పొగ కూడా కారణమే. మా నాయనమ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అప్పని ఒళ్లో పడుకోబెట్టుకునేది. ఎవరికి తెలుసు అప్పట్లో? ఇప్పుడు టీకా కూడా ఉంది, పీసీవీ అని, 2021కల్లా దేశమంతా వచ్చింది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. అది ప్రధానంగా న్యుమోనియాకి, చెవికీ కొంత కాపలా. ఊపిరితిత్తుల టీకా అనుకుని చెవి కోసం అడగరు, పిల్లల కార్డు తీసి చూసుకోండి. చిల్లు పడిపోయిందంటారా, చెవి పైన ఉండే కండ మీది పొర తీసి అతుకు వేస్తారు, డాక్టరమ్మ గారు చెబుతారు.

ఇంకో ప్రశ్న అట. నువ్వు నీ చెవులు ఇస్తావా అని. మా అప్ప అడుగుతోంది! సంతకం ఎప్పుడో పెట్టేశాను. కానీ అప్పా, కోసేవాడు తొందర పడకూడదని ఫైల్లో ఒక చీటీ పెట్టాను.

సరే, డాక్టరమ్మ గారు గడియారం చూస్తున్నారు. పిల్లల్ని తెచ్చినవాళ్లు కుడివైపు వరస కట్టండి, చిన్నవాళ్లు ముందు. పొద్దున్న చెవిలో నూనె పోసి తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, సిగ్గుపడకండి. నూనె ఉంటే లోపల ఏమీ కనిపించదు. మీరు వచ్చే ఆదివారం రండి, పోయకుండా.